ఆటోక్రాస్‌కీ ట్రాక్ డేకీ ఒకే టైర్లు: జీఆర్86కి ఏవి వేస్తే బాగుంటుంది?

శ్రీకర్_ప్లేనో:

అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర ప్లేనోలో ఉంటాను. కారు 2023 టొయోటా జీఆర్86 ప్రీమియం, మాన్యువల్. కారుతో వచ్చిన మిషలిన్ పైలట్ స్పోర్ట్ 4 టైర్లే ఇప్పటికీ ఉన్నాయి, సైజు 215/40ఆర్18 (వెడల్పు మి.మీ.లో, పక్క ఎత్తు ఆ వెడల్పులో శాతంగా, చక్రం అంగుళాల్లో). ఈ సీజనంతా ఎస్‌సీసీఏ (అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్) ఆటోక్రాస్‌లకు, అంటే ఖాళీ స్థలంలో కోన్ల మధ్య ఒక్కో కారూ టైమ్ మీద నడిపే పోటీలకు, వాటితోనే వెళ్లాను. ముందు టైర్ల బయటి అంచులు గుండ్రంగా అరిగిపోయాయి, మధ్యలో మాత్రం ట్రెడ్ (నేలను తాకే గాడుల పొర) బాగానే ఉంది. ఎలాగూ మార్చాల్సిందే కాబట్టి ఈసారి కాస్త మంచి గ్రిప్ ఉన్నవి వేయాలని ఉంది.

ఆఫీసుకు వెళ్లేది కూడా ఈ కారులోనే. నెలకో ఆటోక్రాస్ ఉంటుంది. వసంతంలో క్రెసన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్‌లో మొదటి ట్రాక్ డే (సొంత కారును రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) చేయాలనుకుంటున్నాను. అది బాగా జరిగితే ఆస్టిన్‌లో కోటా (సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ రేస్ ట్రాక్). ఉండేది అపార్ట్‌మెంట్, గ్యారేజీ లేదు.

మా ఈవెంట్లలో ఒకాయన యోకోహామా ఏ052 తప్ప ఇంకేమీ చూడొద్దంటాడు. ఇంకొకాయన హాంకుక్ ఆర్ఎస్4 వేసుకుంటే చాలాకాలం నిశ్చింత అంటాడు. రెండింటి మీదా ట్రెడ్‌వేర్ 200 అనే రాసి ఉంది. నంబర్ ఒకటే అయినప్పుడు మాటల్లో ఇంత తేడా ఎందుకొస్తోంది?

వెంకట్_మియాటా:

తమ్ముడూ, టైమ్ షీట్‌లో పైకి రావాలంటే ఏ052 వెయ్యి, లేదా బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్ఎస్ వెయ్యి.

ఆటోక్రాస్‌లో ఒక రన్ నిమిషానికి అటూ ఇటూగా అయిపోతుంది. స్టార్ట్ దాటగానే వచ్చే మొదటి స్లాలమ్‌లోనే (వరుస కోన్ల మధ్య అటూ ఇటూ తిరిగే చోట) టైర్ పట్టుకోవాలి. నెమ్మదిగా వేడెక్కే టైరైతే అది దారిలోకి వచ్చేసరికి నువ్వు ఫినిష్ దాటేసి ఉంటావు. ఏ052 పొద్దున్నే చల్లటి కాంక్రీట్ మీద కూడా మొదటి కోన్ దగ్గరే పట్టు ఇస్తుంది. నేను హ్యూస్టన్‌లో ఎన్‌డీ మియాటా (మాజ్దా వాళ్ల చిన్న స్పోర్ట్స్ కారు) నడుపుతాను. మా దగ్గర ట్రోఫీలు తీసుకునేవాళ్ల కార్ల కింద ఎక్కువగా కనిపించేవి ఈ రెండే. ఈమధ్య వీటూర్ పీ1 కూడా బాగా కనిపిస్తోంది.

ఆర్ఎస్4 చెడ్డ టైరని అనను. అది గంటల తరబడి సాగే ఎండ్యూరెన్స్ రేసులకు పనికొచ్చే టైర్. నీ నెలనెలా ఆటోక్రాస్‌కి అది సరిపోదు.

రఘు_ఆస్టిన్:

శ్రీకర్ గారూ, ముందు ఆ 200 సంగతి చెబుతాను. ఇది తెలిస్తే మిగతా సగం చిక్కు విడిపోతుంది.

ట్రెడ్‌వేర్ నంబర్ అమెరికా ప్రభుత్వ నియమం ప్రకారం టైర్ మీద వేయాల్సిన గ్రేడు. దాని పరీక్ష జరిగేది మన టెక్సస్‌లోనే, శాన్ ఏంజెలో చుట్టుపక్కల మామూలు రోడ్ల మీద. సుమారు 400 మైళ్ల చుట్టు. ఒక ప్రామాణిక టైరునూ, పరీక్షించే టైరునూ ఒకే వరుసలో వెళ్లే కార్లకు వేసి మొత్తం 7,200 మైళ్లు తిప్పుతారు. ఏది ఎంత అరిగిందో కొలిచి, ఆ లెక్క మీద మొత్తం జీవితకాలాన్ని అంచనా కడతారు. ప్రామాణిక టైర్ 100 అయితే, దానికి రెట్టింపు మన్నేది 200.

ఇక్కడ గమనించాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఆ పరీక్షలో గ్రిప్ అన్న మాటే లేదు. హైవే మీద మర్యాదగా నడిపితే ఎంత అరుగుతుందన్నదే చూస్తారు. రెండోది ఇంకా ముఖ్యం. గ్రేడు ఇచ్చేది ప్రభుత్వం కాదు, తయారీ కంపెనీయే ఇచ్చుకుంటుంది. పరీక్షలో 400 వచ్చిన టైర్ మీద 200 అని వేసినా ఎవరూ అడగరు, ఎందుకంటే అది తక్కువ చేసి చెప్పుకోవడమే కదా.

ఇప్పుడు ఎస్‌సీసీఏ స్ట్రీట్ క్లాసుల (పెద్దగా మార్పులు చేయని రోడ్డు కార్ల విభాగాల) నియమం గుర్తు చేసుకోండి. 200కి తక్కువ ఉండకూడదు. చాలా టైమ్ అటాక్ (ల్యాప్ టైమ్ మీద పోటీ) సిరీస్‌లూ, ఎండ్యూరెన్స్ సిరీస్‌లూ అదే గీత పట్టుకున్నాయి. దాంతో కంపెనీలన్నీ ఆ గీతకు ఇటువైపు నిలబడి ఎంత మెత్తటి రబ్బరు పోయొచ్చో అంత పోస్తున్నాయి. ఏ052 మీద 200, ఆర్ఎస్4 మీద 200. మన్నికలో మాత్రం రెండింటికీ పొంతనే లేదు. మొదటి రకాన్ని మనవాళ్లు 'సూపర్ 200' అంటారు. ఆటోక్రాస్‌కి అవి రాజులు. రెండోది ఎక్కువసేపు వేడిని తట్టుకునేలా చేసిన 200.

పక్కన ఉండే ఏఏ, ఏ, బీ అన్న ట్రాక్షన్ గ్రేడు కూడా మలుపుల్లో పట్టు గురించి కాదు. తడిసిన రోడ్డు మీద నిటారుగా బ్రేక్ వేసినప్పటి పట్టు మాత్రమే.

కాబట్టి నంబర్ చూసి టైర్ కొనొద్దు. ఒక్కో విడతలో ఎంతసేపు వాడతారో చూసి కొనండి. ఆటోక్రాస్‌లో అయితే నిమిషం, తర్వాత కొంతసేపు విశ్రాంతి. ట్రాక్ డేలో అయితే 20 నిమిషాలు ఆపకుండా. ఒక పనిలో గెలిచే రబ్బరు రెండో పనిలో నలిగిపోతుంది.

శ్రీకర్_ప్లేనో:

రఘు గారూ, చాలా థాంక్స్. శాన్ ఏంజెలో సంగతి ఇప్పుడే తెలిసింది. అయితే ఏ052 ట్రాక్ మీద ఏమవుతుంది? నెమ్మదిస్తుందా, లేక పాడైపోతుందా?

రఘు_ఆస్టిన్:

రెండూ అవుతాయి. మొదటి రెండు ల్యాపులు అద్భుతంగా ఉంటుంది. ఆ తర్వాత వేడి దాని హద్దు దాటుతుంది. మలుపులోకి తిప్పుతుంటే ముందు చక్రాలు జారడం మొదలవుతుంది, స్టీరింగ్ తేలికైపోతుంది. ఒక ల్యాప్ నెమ్మదిగా తిప్పి చల్లారిస్తే మళ్లీ కొంత వస్తుంది. అలా వదలకుండా తోస్తూ పోతే బయటి షోల్డర్ (ట్రెడ్ పక్కకు వంగే అంచు) దగ్గర రబ్బరు పెచ్చులుగా లేస్తుంది.

నేను ట్రాక్ డేలలో ఇన్‌స్ట్రక్టర్‌గా పక్క సీట్లో కూర్చుంటాను. జూలైలో కోటా మీద మధ్యాహ్నం సెషన్‌లో ఈ టైర్లతో వచ్చిన కొత్తవాళ్లకు జరిగేది దాదాపు ఇదే. కోటా 20 మలుపులు, 3.4 మైళ్లకు పైగా. 12వ మలుపు ముందు పెద్ద స్ట్రెయిట్, దాని చివర గట్టి బ్రేకింగ్. ఇంటి దారి పట్టేసరికి ముందు టైర్ల అంచులు పట్టుకుని చూస్తే ఇసుక కాగితంలా ఉంటాయి.

లక్ష్మి_ఎన్‌జే:

ఉత్తరాన ఉన్న మాలాంటి వాళ్లకు అసలు సమస్య చలి. డాలస్‌లో కూడా జనవరి, ఫిబ్రవరిలో పొద్దున గడ్డకట్టే చలి వస్తుంది కదా, అందుకే రాస్తున్నాను.

ఈ టైర్ల రబ్బరు చల్లబడేకొద్దీ గట్టిపడుతుంది. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దిగితే మామూలు సమ్మర్ టైరే పట్టు వదిలేస్తుంది, సూపర్ 200ల సంగతి చెప్పనక్కర్లేదు. పొద్దున్నే ఆఫీసుకు వెళ్తూ హైవే ర్యాంప్ మలుపులో వెనక చక్రాలు పక్కకి జారితే చేసేదేమీ ఉండదు. బాగా గడ్డకట్టే చలిలో కారును కదిలించినా, టైర్ వంగే చోట రబ్బరు చీలే ప్రమాదం ఉంది. 20 డిగ్రీల దిగువన వీటిని కదపొద్దని కంపెనీలే రాస్తాయి.

నేను నవంబర్‌లో తీసేస్తాను. కడిగి, ఆరబెట్టి, ఒక్కోదాన్ని నల్ల ప్లాస్టిక్ సంచిలో గాలి లేకుండా కట్టి ఇంట్లో పెడతాను. వాటర్ హీటర్, ఫర్నేస్, మోటార్లు ఉన్న గదిలో మాత్రం పెట్టకూడదు. వాటి వేడి, మోటార్ల దగ్గర పుట్టే ఓజోన్ రబ్బరును ఎండగొడతాయి.

శ్రీకర్ గారూ, ఒకే సెట్‌తో ఆఫీసూ, ఆటోక్రాస్, ట్రాక్ అన్నీ నడవాలంటే ఎక్కడో ఒకచోట రాజీ పడాలి. ఆ రాజీ ఆఫీసు దారిలో పడకూడదు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే.

వెంకట్_మియాటా:

లక్ష్మి గారి మాట నిజమే, కానీ అది న్యూజెర్సీ. ప్లేనోలో అలాంటి పొద్దులు ఏడాదికి కొన్నే. ఆ కొన్ని రోజుల కోసం మిగతా ఏడాదంతా నెమ్మది టైరుతో తిరగడం ఎందుకు? ఆ రోజు ఇంటి నుంచి పని చేసుకోవచ్చు.

ఇంకో మాట. మంచి టైర్ మీదే కారు అసలు ఎక్కడిదాకా వెళ్తుందో తెలుస్తుంది. పట్టులేని టైర్ మీద నేర్చుకున్న అలవాట్లు మంచి టైర్ వేశాక మళ్లీ మార్చుకోవాలి. మలుపు ముందు ఎక్కడ బ్రేక్ వదలాలో, ఎంత స్పీడ్ లోపలికి తీసుకెళ్లొచ్చో అన్నీ మారిపోతాయి. ఎలాగూ అక్కడికే వెళ్లేవాడివి, మొదటి నుంచీ అదే వెయ్యి.

రఘు_ఆస్టిన్:

వెంకట్, ఇక్కడ మాత్రం నేను నీతో ఒప్పుకోను.

మామూలు సమ్మర్ టైర్ పట్టు వదిలేముందు చెబుతుంది. ముందు కీచుమంటుంది, తర్వాత స్టీరింగ్‌లో బరువు తగ్గుతుంది, ఆ తర్వాత నెమ్మదిగా జారుతుంది. కొత్తవాడికి తప్పు దిద్దుకునే వ్యవధి దొరుకుతుంది. సూపర్ 200 చాలావరకు నిశ్శబ్దంగా ఉంటుంది, వదిలేటప్పుడు ఒక్కసారిగా వదులుతుంది. అదీ ఎక్కువ స్పీడ్‌లో. ఆటోక్రాస్‌లో అలా జారితే ఒక కోన్ పడుతుంది, రెండు సెకన్లు కలుపుతారు, అక్కడితో సరి. ట్రాక్ మీద 100 మైళ్ల స్పీడ్‌లో జరిగితే ఎదురుగా గోడ ఉంటుంది.

ఇంకోటి, ఎక్కువ గ్రిప్ కారు మీద కూడా భారం వేస్తుంది. బ్రేకులు ఎక్కువ వేడెక్కుతాయి. పాత బ్రేక్ ఫ్లూయిడ్‌లో తేమ చేరి ఉంటుంది కాబట్టి అది మరిగితే పెడల్ నేలదాకా దిగుతుంది. హబ్ బేరింగులు తొందరగా పోతాయి. పొడవాటి మలుపుల్లో ఇంజన్ ఆయిల్ ఒకవైపు చేరి పంపుకు అందకపోవడం గురించి జీఆర్86 వాళ్లందరూ ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటారు, మలుపులో బలం పెరిగేకొద్దీ ఆ ఆందోళన ఎక్కువవుతుంది. ట్రాక్‌కి వెళ్లేముందు ఆయిల్ మట్టం గుర్తు పైదాకా ఉండేలా చూడండి, బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తది పోయించండి, ప్యాడ్లు మార్చండి. ఇవన్నీ అయ్యాకే గ్రిప్ టైర్ల మాట.

మొదటి ట్రాక్ డేకి కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ స్పోర్ట్ 02 గానీ, పైలట్ స్పోర్ట్ 4ఎస్ గానీ వేసుకుని రండి. వాటి ట్రెడ్‌వేర్ 340, 300. ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని చెబుతుంటే ఆ టైర్ల మీద నేర్చుకునేది ఎక్కడికీ పోదు.

పోలో_హైదరాబాద్:

అన్నా, మీ చర్చ చదువుతుంటే ఆకలి వేస్తోంది. ఇక్కడ మాకు ఇన్ని పేర్లు దొరకవు. 2020 జూన్‌లో కేంద్రం కొత్త కారు టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో పెట్టింది, తెప్పించాలంటే లైసెన్సు కావాలి. బీఐఎస్ గుర్తు కూడా తప్పనిసరి. కొద్దిమంది కొనే సెమీ-స్లిక్ (గాడులు బాగా తక్కువున్న ట్రాక్ టైర్) కోసం ఏ కంపెనీ ఇక్కడ అంత ఖర్చు పెడుతుంది? అందుకే ట్రాక్ డే అంటే మాలో చాలామందికి మంచి రోడ్డు సమ్మర్ టైరే.

నా పోలో జీటీకి 16 అంగుళాల చక్రాలు, వాటితోనే హైదరాబాద్ నుంచి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్తాను. 600 కిలోమీటర్లకు పైగా రోడ్డు, ఆ తర్వాత ట్రాక్, ఆ తర్వాత అదే టైర్ల మీద ఇంటికి. రాత్రి నెల్లూరు దాటాక వాన పట్టుకుంటే ట్రెడ్ ఎంత మిగిలిందన్నదే ప్రాణం.

ఆటోక్రాస్ కూడా మన దగ్గర వేరు. ఎక్కువగా మట్టి మీదే. రాళ్లూ దుమ్మూ ఉన్న చోట మెత్తటి రోడ్డు టైర్ పనికిరాదు, ర్యాలీ టైర్ సైడ్‌వాల్ (టైర్ పక్క గోడ) కావాలి. మీ పార్కింగ్ లాట్ ఆటోక్రాస్‌ని మేము ఎక్కువగా జిమ్ఖానా అంటాం.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ జరిగినప్పుడు నేను వెళ్లాను. ఆ కార్లకు గాడులున్న ఒకే రకం హాంకుక్ టైర్, ఎండకూ వానకూ అదే. ప్రపంచస్థాయి రేసులోనే అలా నడుస్తుంటే, ఒకే టైరుతో అన్నీ చేసుకుంటానన్న శ్రీకర్ అన్న ఆలోచన అంత విడ్డూరమేమీ కాదనిపిస్తుంది.

శ్రీకర్_ప్లేనో:

పోలో తమ్ముడూ, ఇరుంగట్టుకోట్టైకి కారు నడుపుకుంటూ వెళ్లి రావడం మామూలు విషయం కాదు.

సైజు గురించి కూడా అడగాలి. 215/40ఆర్18లో సూపర్ 200లు పెద్దగా కనిపించడం లేదు. 225/40ఆర్18 వేయొచ్చా? కొందరు 17 అంగుళాలకు దిగమంటున్నారు. స్ట్రీట్ క్లాసులో ఏది చెల్లుతుంది?

లక్ష్మి_ఎన్‌జే:

స్ట్రీట్ క్లాసులో చక్రం వెడల్పు కారుతో వచ్చినదే ఉండాలి, వ్యాసం మాత్రం ఒక అంగుళం అటూ ఇటూ మార్చుకోవచ్చు. జీఆర్86కి 17 అయినా 18 అయినా వెడల్పు 7.5 అంగుళాలే. కాబట్టి బేస్ మోడల్ 17 అంగుళాల చక్రాలు మీకు నిక్షేపంగా చెల్లుతాయి.

లెక్క చూడండి. మీ 215/40ఆర్18 బయటి వ్యాసం సుమారు 629 మి.మీ. 225/40ఆర్18 అయితే 637, అంటే 1.3 శాతం పెద్దది. గేరింగ్ కాస్త పొడుగవుతుంది (అదే స్పీడ్‌కి ఇంజన్ తక్కువ తిరుగుతుంది), స్పీడోమీటర్ కాస్త తక్కువ చూపిస్తుంది. బేస్ మోడల్ సైజు 215/45ఆర్17 అయితే 625. అదే చక్రానికి 225/45ఆర్17 అయితే 634. ఆ టైరుకి 7 నుంచి 8.5 అంగుళాల రిమ్ సరిపోతుంది కాబట్టి 7.5 మీద హాయిగా కూర్చుంటుంది. 245/40ఆర్17 వ్యాసం 628, దాదాపు మీ కారుతో వచ్చిన టైర్ వ్యాసమే. కానీ దానికి మామూలుగా 8 అంగుళాల రిమ్ అయినా అడుగుతారు. ఆటోక్రాస్ వాళ్లు 7.5 మీద బిగించేస్తుంటారు, సైడ్‌వాల్ లోపలికి ముడుచుకున్నట్టు ఉంటుంది. రోడ్డు మీద రోజూ తిరగడానికి నేనైతే ఆ పని చేయను.

17కి దిగితే టైర్ ధర తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, ఏ కంపెనీదైనా దొరికే అవకాశం ఎక్కువ.

ఇక చోటు విషయం. మీ కారులో వెనక సీటు మడిస్తే నాలుగు చక్రాలు పడతాయి. మొదటి 86 వచ్చినప్పుడు టొయోటా వాళ్లు ఆ సంగతి ప్రత్యేకంగా చెప్పుకున్నారు. బాల్కనీలో ఒక మూల దొరికినా రెండో సెట్ పెట్టుకోవచ్చు. పైన కప్పి ఉంచండి, ఎండ తగలనివ్వొద్దు.

మోడల్3_ఫ్రీమాంట్:

లక్ష్మి గారు చెప్పిన సైజుల పక్కన ఇంకొకటి చూడాలి, లోడ్ ఇండెక్స్. నాది టెస్లా మోడల్ 3 పెర్ఫార్మెన్స్. 1,800 కిలోలు దాటుతుంది, జీఆర్86 కంటే 500 కిలోలకు పైగా ఎక్కువ. 20 అంగుళాల నుంచి 18కి దిగినప్పుడు కొత్త టైర్ మోసే బరువు కారుతో వచ్చిన టైర్ కంటే తగ్గకూడదు. సైడ్‌వాల్ మీద సైజు తర్వాత ఉండే అంకె అదే. దాని పక్క అక్షరం స్పీడ్ రేటింగ్: వీ అంటే 240 కిలోమీటర్లు, డబ్ల్యూ అంటే 270, వై అంటే 300.

బరువైన కార్లకు సూపర్ 200లు ట్రాక్ మీద అసలు నిలబడవు. థండర్‌హిల్‌ ట్రాక్‌లో వేసవి సెషన్ చివరికి నా ముందు టైర్ల పరిస్థితి చూశాక ఆర్ఎస్4కి మారాను. ల్యాప్ కాస్త నెమ్మదించింది, కానీ సెషన్ మొదట్లో ఎలా ఉందో చివర్లోనూ అలాగే ఉంటుంది. నాకు ఆ నిలకడే కావాలి.

వెంకట్_మియాటా:

ఫ్రీమాంట్ అన్నా, నీ కారుకి అది సరైనదే. శ్రీకర్ కారు 1,300 కిలోల లోపు. తేలిక కారు టైరును అంతగా చంపదు. నేను ఆటోక్రాస్‌లో ఇద్దరు డ్రైవర్లతో కారు పంచుకున్నప్పుడు కూడా ఏ052ను కాపాడుకున్నాను. రన్‌కీ రన్‌కీ మధ్య తోటలో మందు కొట్టే పంపుతో నీళ్లు చల్లితే చాలు. హ్యూస్టన్ ఆగస్టులో కూడా అలాగే నెగ్గుకొచ్చాం. ట్రాక్ డే ఏడాదికి ఒకటో రెండో అయితే, వాటి కోసం మిగతా ఆటోక్రాస్‌లన్నీ వదులుకోవడం నాకు నచ్చదు.

రఘు_ఆస్టిన్:

నీళ్లు చల్లే చిట్కా బాగా పనిచేస్తుంది, నేనూ ఒప్పుకుంటాను. అయితే టైరును చల్లబరచాలా, గాలి తగ్గించాలా, క్యాంబర్ (చక్రం నిలువు నుంచి లోపలికో బయటికో వంగి ఉండే కోణం) మార్చాలా అన్నది ఊహించి చెప్పలేం. శ్రీకర్ గారూ, ఏ టైర్ కొన్నా ఈ రెండూ చేయండి.

ఒకటి సుద్ద. రన్‌కి ముందు ట్రెడ్ అంచు నుంచి సైడ్‌వాల్ మీదికి మూడు నాలుగు చోట్ల సుద్దముక్కతో గీతలు గీయండి. చాలా టైర్ల షోల్డర్ మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, గీత దాని మీదుగా పోనివ్వండి. రన్ అయ్యాక వంగి చూడండి. సుద్ద త్రికోణం మొనదాకా చెరిగిపోయి ఉంటే గాలి దాదాపు సరిగ్గా ఉన్నట్టు. త్రికోణం దాటి సైడ్‌వాల్ మీద కూడా చెరిగితే టైర్ పక్కకు దొర్లిపోతోంది, గాలి పెంచండి. త్రికోణం దాకా రాకుండా సుద్ద మిగిలిపోతే గాలి ఎక్కువుంది, రెండేసి పీఎస్ఐ తగ్గించుకుంటూ రండి. మీ పాత టైర్ల బయటి అంచులు గుండ్రంగా అరిగాయన్నారు చూడండి, అది తక్కువ గాలి, తక్కువ క్యాంబర్ కలిసి చేసే పని.

రెండోది సూది ఉన్న పైరోమీటర్ (టైర్ వేడి కొలిచే పరికరం). పైకి చూపించే ఇన్‌ఫ్రారెడ్ గన్ వద్దు. అది పైపొర వేడి మాత్రమే చూపిస్తుంది, కారు పిట్‌లోకి వచ్చేసరికే ఆ పొర చల్లారిపోతుంది. సూదిని రబ్బరులోకి కొంచెం దించి లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్లా చూడాలి, కారు ఆగిన వెంటనే. మధ్యలో ఎక్కువుంటే గాలి ఎక్కువ. బయటి అంచు బాగా వేడిగా ఉంటే క్యాంబర్ చాలడం లేదు. లోపలి అంచు కాస్త ఎక్కువ ఉండటం మంచిదే.

వేడికి గాలి ఎలా పెరుగుతుందో కూడా గుర్తుంచుకోండి. ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది. పొద్దున్న చల్లగా 32 పెట్టుకుని సెషన్‌కి వెళ్తే తిరిగొచ్చేసరికి 38, 39 కనిపించొచ్చు. అందుకే ట్రాక్ వాళ్లు వేడి మీదే కొలిచి, వేడి మీదే తగ్గిస్తారు. చాలామంది మర్చిపోయే సంగతి ఇంకోటుంది. వేడి మీద తగ్గించిన గాలి, చల్లారాక మరీ తక్కువైపోతుంది. ఇంటికి బయల్దేరేముందు డ్రైవర్ తలుపు మీద రాసి ఉన్న అంకెకు మళ్లీ నింపుకోవాలి.

పోలో_హైదరాబాద్:

రఘు గారూ, ఆ త్రికోణం గుర్తు సంగతి ఎవరూ చెప్పలేదు. నా టైర్ల మీద వెతికాను, ఉంది.

మోడల్3_ఫ్రీమాంట్:

కొనేటప్పుడు తేదీ కూడా చూడండి. సైడ్‌వాల్ మీద డీఓటీ కోడ్ (టైర్ తయారీ వివరాల కోడ్) చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. సూపర్ 200 డిస్కౌంట్‌లో వస్తోందంటే ఎందుకో ముందు అక్కడ చూసుకోండి. ఈ రబ్బరు వాడకపోయినా వయసు మీద పడి గట్టిపడుతుంది.

వాడేటప్పుడు కూడా అంతే. ఒక్కోసారి బాగా వేడెక్కి చల్లారే ప్రతి విడతకూ రబ్బరు కొంత గట్టిపడుతుంది. ట్రెడ్ లోతు కనిపిస్తూనే ఉంటుంది, కారు మాత్రం నెమ్మదిస్తుంది. అందుకే పోటీ వాళ్లు సగం ట్రెడ్ ఉన్న టైర్లు అమ్మేస్తుంటారు. ట్రాక్ డేలో నేర్చుకోవడానికి అవి చవగ్గా దొరుకుతాయి, ఎండ రోజు మాత్రమే వాడేటట్టయితే.

లక్ష్మి_ఎన్‌జే:

"ఎండ రోజు మాత్రమే" అన్న మాటను నేను ఇంకా గట్టిగా చెబుతాను. ట్రెడ్ అరిగిన 200 టైర్ మీద వానలో హైవే ఎక్కకూడదు. కొత్త ఏ052 తడిలో బాగానే పట్టుకుంటుంది, ఆ పేరు దానికి ఉంది. కానీ గాడుల లోతు తగ్గిపోయాక నీళ్లు బయటికి పోయే దారే ఉండదు. టైర్ నీటి మీద తేలుతుంది, ఆ క్షణంలో కాంపౌండ్ (రబ్బరు మిశ్రమం) ఎంత మంచిదైనా రోడ్డును తాకదు. టెక్సస్‌లో వసంతకాలం ఉరుములతో కూడిన వానలు మీకు తెలిసినవే. ట్రాక్ నుంచి ఇంటికి ఐ-20 మీద వస్తున్నప్పుడు పక్క లేన్‌లో ట్రక్కు ఉంటుంది.

రెండో సెట్ చక్రాలు లగ్జరీ అనుకోకండి. ఒకే సెట్ అయితే అలసిపోయి, అరిగిన టైర్ల మీద, వానలో ఇంటికి రావాల్సి వస్తుంది.

శ్రీకర్_ప్లేనో:

అందరి మాటలూ మళ్లీ మళ్లీ చదివాను. మా ఆవిడతో మాట్లాడి బాల్కనీలో ఒక మూల సంపాదించాను. ఇక్కడికి తేలింది:

18 అంగుళాల చక్రాలకు ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ స్పోర్ట్ 02 వేసి ఆఫీసుకూ, క్రెసన్‌లో మొదటి ట్రాక్ డేకీ అవే వాడతాను. బేస్ మోడల్ 17 అంగుళాల చక్రాలు ఒకరు అమ్ముతున్నారు, అవి తీసుకుని ఆటోక్రాస్‌కి 225/45ఆర్17 వేస్తాను. వెంకట్ అన్నా, అందులో నీ మాటే నెగ్గింది, ఆటోక్రాస్ కోసమే అయితే సూపర్ 200 వేయడంలో అర్థముంది. ఏ052నా ఆర్ఈ-71ఆర్ఎస్‌నా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు. కోటా వెళ్లే రోజుకి ఏం వేయాలన్నది క్రెసన్ తర్వాత రఘు గారినే అడుగుతాను.

వెంకట్_మియాటా:

మంచి నిర్ణయం తమ్ముడూ. ఆ రెండింట్లో అయితే మీ డాలస్ ఎండకి, ఒక్కడివే నడుపుతావు కాబట్టి ఏదైనా పర్వాలేదు. ఎవరితోనైనా కారు పంచుకుంటావంటే ఆర్ఈ-71ఆర్ఎస్ తీసుకో, వేడిని కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. స్టీరింగ్ తిప్పగానే స్పందించడంలో కూడా అది గట్టిగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్ చల్లటి పొద్దుల్లో మాత్రం మొదటి రన్‌కి ఏ052నే ముందుంటుంది. ముందు ఏది స్టాక్‌లో ఉందో చూడు, సీజన్ మొదలయ్యే ముందు నీ సైజు దొరకడమే కష్టం.

రఘు_ఆస్టిన్:

శ్రీకర్ గారూ, కొత్త టైర్లు వేయించాక మొదటి రోజే వాటిని పూర్తిగా తోయకండి. అచ్చులోంచి వచ్చిన జారుడు పొర పోవడానికి ముందు మామూలు రోడ్డు మీద కొంత తిప్పండి. మొదటి ఆటోక్రాస్‌లో మొదటి రన్లు మూడొంతుల వేగంతో చేయండి. బాగా వేడెక్కాక ఒక రోజు పూర్తిగా కదపకుండా వదిలేస్తే ఇంకా మంచిది, రబ్బరు కుదురుకుని ఎక్కువకాలం మన్నుతుంది.

చక్రాలు మార్చిన ప్రతిసారీ నట్లు టార్క్ రెంచ్‌తోనే బిగించండి. మొదటి సెషన్ అయ్యాక చక్రం చల్లారనిచ్చి మళ్లీ చూడండి. క్రెసన్ రిజిస్ట్రేషన్ చేసుకునేటప్పుడు ఇన్‌స్ట్రక్టర్ కావాలన్న గడి టిక్ చేయండి. మీ మామూలు కారు ఇన్సూరెన్స్ ట్రాక్‌ని కవర్ చేస్తుందో లేదో పాలసీ చదివి చూసుకోండి. చాలావాటిలో చేయదు, ఆ ఒక్కరోజుకి విడిగా ట్రాక్ పాలసీ దొరుకుతుంది. తేదీ ఖాయమయ్యాక ఇక్కడ రాయండి, ఆ వారాంతం నేను ఖాళీగా ఉంటే వస్తాను.